దసరా సెలవుల్లో చిన్నపిల్లలతో విశాఖ, అరకు: ఒక్కరోజులో చూసి రావాలా, రాత్రి అక్కడే ఉండాలా?

ఓరుగల్లు నాన్న

సభ్యులందరికీ నమస్కారం. మాది హన్మకొండ. దసరా సెలవులు మొదలైన వెంటనే పిల్లలను తీసుకుని విశాఖపట్నం వెళ్లాలనుకుంటున్నాము. సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉండి తీరాలని మా అమ్మ ముందే షరతు పెట్టింది. అందువల్ల శనివారం సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆదివారం తెల్లవారుతుండగా విశాఖలో దిగి, గురువారం సాయంత్రం మళ్లీ అదే బండిలో తిరిగి రావాలన్నది ఆలోచన. మా బాబుకు ఏడేళ్లు. పాపకు మూడు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. మా ఇద్దరితో పాటు అమ్మ కూడా వస్తున్నది. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, కానీ సముద్రం చూడాలని చాలాకాలంగా కోరిక.

ఒక ట్రావెల్స్ వారిని అడిగితే, తెల్లవారుజామున బస్సులో బయలుదేరి బొర్రా గుహలు, గాలికొండ, కాఫీ తోటలు, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం అన్నీ చూపించి రాత్రికి మళ్లీ విశాఖలో దింపుతామన్నారు. ధర అందుబాటులోనే ఉంది. అయితే అంత చిన్న పిల్లతో అంతసేపు బస్సులో కూర్చోవడం సాధ్యమేనా అన్నది నా మొదటి సందేహం. రెండవది, బొర్రా గుహల్లోకి మూడేళ్ల పాపను, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను తీసుకెళ్లవచ్చా? మూడవది, విశాఖలో మిగిలిన రోజుల్లో ఏమేమి చూడాలి, ఏ క్రమంలో చూడాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సాగరతీరం

మేము పుట్టి పెరిగింది విశాఖలోనే. మీ ప్రణాళికలో ముందు చూసుకోవలసింది సోమవారం సంగతి. ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల సోమవారం మూసి ఉంటుంది, రామకృష్ణా బీచ్‌లోని కురుసురా జలాంతర్గామి మ్యూజియానికీ సోమవారమే సెలవు. ఇది తెలియక సోమవారం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి గేటు దగ్గర నుంచే వెనుదిరిగే కుటుంబాలను తరచూ చూస్తుంటాము. కాబట్టి అరకు ప్రయాణానికి సోమవారమే పెట్టుకోండి. శని, ఆదివారాల్లో అరకు రోడ్డు మీద ఉండే రద్దీ కూడా ఆ రోజు సగానికి పైగా తగ్గుతుంది.

ఆదివారం ఉదయం దిగగానే ఎక్కడికీ పరుగెత్తవద్దు. చాలా హోటళ్లలో గది మధ్యాహ్నం గాని ఇవ్వరు. ఏ వేళ దిగితే ఆ వేళ నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్కగట్టే హోటళ్లు రైల్వే స్టేషన్ చుట్టుపక్కల దొరుకుతాయి, ముందే ఫోన్ చేసి అడగండి. పిల్లలు స్నానం చేసి, ఇడ్లీలు తిని, మధ్యాహ్నం దాకా నిద్రపోతే సాయంత్రం బీచ్‌కు హుషారుగా వస్తారు. లేకపోతే ఆ రోజంతా ఏడుపులతోనే గడుస్తుంది.

జలాంతర్గామి గురించి నాలుగు మాటలు, మీ బాబు వయసుకు అది తప్పకుండా నచ్చుతుంది కాబట్టి. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన కురుసురా 2001 వరకు పనిచేసింది. ఆ మరుసటి సంవత్సరం దానిని ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లకు పైమాటే. లోపల నౌకాదళంలో పనిచేసి విరమించినవారే దగ్గరుండి వివరిస్తారు. నావికులు పడుకున్న బల్లలు, వంటగది, టార్పెడో గొట్టాలు అన్నీ చేతికందేంత దగ్గరలో ఉంటాయి. అయితే ఒక గదిలో నుంచి మరో గదిలోకి వెళ్లే ద్వారాలు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. వంగి, కాలు ఎత్తి దాటాలి. మీ అమ్మగారికి అది కష్టం. పాపను ఎత్తుకుని దాటడమూ అంత తేలిక కాదు. మీలో ఒకరు బాబుతో లోపలికి వెళ్లండి, మిగిలినవారు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గర కాలక్షేపం చేయండి. 29 ఏళ్లు నౌకాదళానికి సేవ చేసిన ఆ భారీ విమానం 2017 డిసెంబరు నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. బయట నుంచి చూసినా పిల్లల నోళ్లు తెరుచుకుంటాయి. మామూలు రోజుల్లో జలాంతర్గామిని మధ్యాహ్నం నుంచే చూడనిస్తారు, ఉదయం వెళ్లి నిరాశపడవద్దు.

ఇద్దరమ్మాయిల తల్లి

నా అభిప్రాయం కొంత భిన్నం. మూడేళ్ల పాప ఉన్నప్పుడు అరకు అసలు ఎందుకండీ? ఆ వయసు పిల్లలకు లోయ అందం అక్కరలేదు, గుహలు అక్కరలేదు. ఇసుక, నీళ్లు, ఒక డబ్బా, ఒక గరిటె ఉంటే చాలు. మేము మా అమ్మాయిలను ఆ వయసులో ఇలాంటి బస్సు యాత్రకు తీసుకెళ్లాము. ప్రతి చోటా దిగడం, ఇరవై నిమిషాల్లో ఎక్కమనడం, నిద్రపోయిన పిల్లను లేపడం, లేచిన పిల్లను బుజ్జగించడం, వీటితోనే రోజు గడిచిపోయింది. ఆ రోజు ఏమేమి చూశారని పెద్దదాన్ని అడిగితే బస్సు కిటికీ దగ్గర కనబడిన మేకపిల్లను తప్ప దేన్నీ చెప్పలేదు.

నన్నడిగితే రుషికొండ దగ్గర గది తీసుకుని అన్ని రోజులూ అక్కడే ఉండండి. ఉదయం బీచ్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఏదో ఒక్క చోటు. ఒక రోజు జంతుప్రదర్శనశాల, ఒక రోజు కైలాసగిరి. అక్కడ రోప్‌వే ఉంది, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఉంది, శివపార్వతుల పెద్ద విగ్రహాలు ఉన్నాయి. మీ అమ్మగారు మెట్లెక్కకుండానే కొండ మీద నుంచి సముద్రం చూడవచ్చు.

పట్టాల మనిషి

రైల్వే వాల్తేరు డివిజన్‌లో ఉద్యోగం చేసి విరమించినవాడిని. బస్సు యాత్ర విషయంలో పై సభ్యురాలు చెప్పినదానితో నేనూ ఏకీభవిస్తాను గాని, అరకునే మానుకోమనడం మాత్రం ఒప్పుకోలేను. బస్సు వద్దు, రైలెక్కండి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే బండి ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. పిల్లలకు ఈ రైలు ప్రయాణమే ఒక విహారం. అరకులో దిగాక ఏమీ చూడకపోయినా నష్టం లేదు.

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేరవేయడం కోసం 1960వ దశకంలో కొండలను తొలిచి వేసిన మార్గం ఇది. అరకు చేరేలోపల 58 సొరంగాలు, 84 వంతెనలు వస్తాయని చెబుతారు. మీ బాబుకు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి సొరంగం వచ్చినప్పుడల్లా ఒక గీత గీయమనండి. చివరికి ఎన్ని గీతలు వస్తాయన్నది ముఖ్యం కాదు, సగం దారిలో నిద్రపోయినా పరవాలేదు. సొరంగంలో చీకటి పడగానే పెట్టెలోని పిల్లలందరూ కేకలు పెడతారు. మీ పాప మొదట బెదరవచ్చు, అందుకని మొదటి సొరంగం వచ్చేముందే చెప్పి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. బొర్రా గుహలు స్టేషన్ దాటాక వచ్చే సిమిలిగూడ సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనదిగా దానికి చాలాకాలం పేరుండేది. అక్కడ నుంచి అరకుకు బండి దిగుతూ పోతుంది.

అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గంలో 2017లో ప్రవేశపెట్టారు. సీట్లు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. సెలవుల్లో ఆ టిక్కెట్లు చాలా త్వరగా అయిపోతాయి. ఇప్పుడు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి ఆ ఉదయమే తీసుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా సీటు అక్కరలేకపోతే టిక్కెట్టు అవసరం లేదు. మీ బాబుకు సీటు కావాలంటే పూర్తి ఛార్జీ పడుతుంది. విస్టాడోమ్ దొరకలేదని బాధపడవలసిన పని లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే గాలి, వాన, మట్టి వాసన అన్నీ లోపలికే వస్తాయి. నా మటుకు నాకు అదే ఇష్టం.

ఒక్క హెచ్చరిక. ఈ మార్గంలో ఖనిజం బండ్లు ఎక్కువ. ఎదురు బండి కోసం ఆగవలసి వస్తుంటుంది, వర్షాలకు కొండచరియలు జారిన సందర్భాలూ ఉన్నాయి. పాలు, మంచినీళ్లు, పెరుగన్నం రెండు పూటలకు సరిపడా దగ్గర ఉంచుకోండి. సాయంత్రం తిరిగి వచ్చే అదే బండిని నమ్ముకుని రాత్రికి వేరే రైలుకు టిక్కెట్టు పెట్టుకోవడం మాత్రం తగదు.

కొండదారి

మాది అనంతగిరి పక్క. ఘాట్ రోడ్డు మీద కారు నడపడమే నా జీవనం. ఒక్కరోజు యాత్రకు వచ్చే కుటుంబాలు మా బండ్లలో ఎలా ఉంటాయో చెబుతాను. ఎక్కేటప్పుడు అందరూ ఉత్సాహంగా ఉంటారు. దిగేటప్పుడు సాయంత్రం చీకటి, పొగమంచు, మలుపులు, కడుపు నిండా తిన్న పిల్లలు. వాంతులు చేసుకోని పిల్లలు తక్కువ. అందుచేత రాత్రి అరకులో ఉండి, మర్నాడు పగటి వెలుతురులో మెల్లగా దిగడం మేలు. రైలులో ఎక్కి కారులో దిగితే రెండు దారులూ చూసినట్టు అవుతుంది.

దిగే రోజున పిల్లలకు నూనె వంటలు పెట్టవద్దు. ఇడ్లీ, అరటిపండు, మరమరాలు లాంటివి కొద్దికొద్దిగా పెట్టండి. ఫోనులో బొమ్మలు చూపిస్తే వాంతులు ఇంకా ఎక్కువవుతాయి, దూరంగా కొండల వైపు చూడమనండి. గాలికొండ దగ్గర ఎలాగూ ఆపుతారు, అక్కడ కాసేపు నడిపించండి. నడిపేవాడికి మొహమాటపడకుండా ‘మెల్లగా పోనివ్వు బాబూ’ అని చెప్పండి. మేమేమీ అనుకోము.

బొంగులో చికెన్ రోడ్డు పక్కన వేడివేడిగా దొరుకుతుంది, బాగుంటుంది, కానీ కారం ఎక్కువ. పిల్లలకు కాల్చిన మొక్కజొన్న పొత్తులే మంచివి. బొర్రా దగ్గర కోతులు చాలా గడుసువి. పాప చేతిలో బిస్కెట్టు పొట్లం కనబడితే లాక్కుంటాయి. చేతిలో ఏమీ లేకుండా చూసుకోండి.

మరొక మాట చెప్పాలి. ఊళ్లలో ముసలివాళ్లను, పిల్లలను అడగకుండా ఫోటోలు తీయడం, పిల్లలకు చాక్లెట్లు విసరడం కొందరికి అలవాటు. మీ పిల్లల చేత ఆ పని చేయించవద్దు.

అమ్మమ్మ కబుర్లు

ఓరుగల్లు బాబుకు ఆశీస్సులు. నాకూ మోకాళ్ల నొప్పులే. బొర్రా గుహల ముఖద్వారం పెద్దది, మొదటి భాగం విశాలంగా ఉంటుంది, ఊపిరాడకపోవడం లాంటి భయమేమీ లేదు. కష్టమంతా మెట్ల దగ్గరే ఉంది. ఎన్నో మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి, పైగా పై నుంచి నీరు చుక్కలుగా పడుతూ నేల జారుతుంటుంది. నేను ముఖద్వారం దాటి కొన్ని మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ ఎత్తు, ఆ రంగు దీపాలు, గబ్బిలాల చప్పుడు అక్కడి నుంచే చూసి విని వెనక్కి వచ్చాను. మా మనవడు మాత్రం వాళ్ల నాన్నతో చివరి దాకా వెళ్లాడు. మీ అమ్మగారిని కూడా అలాగే చేయమనండి. ఆవిడ బయట ఒంటరిగా కూర్చోవలసి వస్తుందన్న బెంగ వద్దు, పాప ఎలాగూ నాయనమ్మ దగ్గరే ఉంటుంది.

గుహ లోపల శివలింగం ఉంది. మేత మేస్తున్న ఆవు పై నుంచి కన్నంలో పడిపోతే, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి గుహ, అందులో లింగం కనిపించాయని అక్కడివారు చెప్పుకునే కథ. వెళ్లేముందు రాత్రి పిల్లవాడికి ఈ కథ చెప్పండి, గుహలో అడుగడుగునా ఆ ఆవు కోసం వెతుకుతాడు.

బడిపంతులు

అమ్మమ్మగారు ఆవు కథ చెప్పారు కాబట్టి, నేను నది కథ చెబుతాను. బొర్రా గుహలను తొలిచింది గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాతి కొండ కడుపులో నుంచి పారి, కిందికి దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, చివరికి భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. విశాఖ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాలలో తాటిపూడి ఒకటి. అంటే ఏడేళ్ల పిల్లవాడు ఒకే నదిని గుహలోనూ, సముద్రంలో కలిసే చోటులోనూ, బహుశా హోటల్ కుళాయిలోనూ చూడవచ్చు. విడివిడి చోట్లుగా చూపిస్తే పిల్లలు మరిచిపోతారు. ఒక నది వెంట నడిపిస్తే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వారే చెబుతారు. కాబట్టి మీ ప్రయాణంలో చివరి ఉదయం భీమిలికి కేటాయించండి. బీచ్‌రోడ్డు వెంట వెళ్తే దారంతా ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. నది సముద్రంలో కలిసే చోట పడవలు, వలలు, కొంగలు ఉంటాయి. డచ్చివారి పాత సమాధులు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి గాని, చిన్నపిల్లలకు అవి అవసరం లేదు.

గుహలో చూపించవలసింది ఒకటుంది. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్పంగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, పైకప్పు నుంచి చుక్కగా రాలేముందు కొంత సున్నాన్ని అక్కడే వదిలిపెడుతుంది. వేల ఏళ్లుగా అలా వదిలినదే పైనుంచి వేలాడే రాతి ఊడ. కింద పడిన చుక్క వదిలినది నేల నుంచి లేచే రాతి దిమ్మ. తడిగా మెరుస్తున్న చోట ఆ పని ఇప్పటికీ జరుగుతోందని బాబుకు చెప్పండి. చేతితో ముట్టవద్దని కూడా చెప్పండి. మన చేతి జిడ్డు అంటితే అక్కడ ఆ రాయి పెరగడం కుంటుపడుతుంది. గైడు ఈ రాయి ఏనుగు, ఆ రాయి మొసలి అని చూపిస్తూ పోతాడు. అదీ సరదాయే గాని, చుక్క రాలడాన్ని నిలబడి చూసే తీరిక ఇవ్వడు.

ఇద్దరమ్మాయిల తల్లి

మాస్టారూ, నది ఆలోచన చక్కగా ఉంది, కాదనను. కానీ ఏడేళ్ల పిల్లవాడి కోసం చేసిన ప్రణాళికలో మూడేళ్ల పాప ఎక్కడుందో చూడండి. గుహ అన్నయ్యకు, సొరంగాల లెక్క అన్నయ్యకు, జలాంతర్గామి అన్నయ్యకు, పాప మాత్రం ప్రతి చోటా బయట నాయనమ్మ ఒళ్లో. ఆ పాపకంటూ రోజుకు ఒక్కటైనా ఉండాలి కదా. రాత్రి అరకులో ఉండే పక్షంలో మర్నాడు ఉదయం పద్మాపురం ఉద్యానవనాన్ని పూర్తిగా ఆమెకు వదిలేయండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. ఇప్పుడు పూలమొక్కలు, చెట్ల మీద కట్టిన ఇళ్లు, తోట చుట్టూ తిరిగే చిన్న రైలు ఉన్నాయి. పాప నడిచినంత నడవనివ్వండి, కూర్చున్న చోట కూర్చోనివ్వండి. జంతుప్రదర్శనశాలలో కూడా ఆమె ఏ జంతువు ముందు ఆగితే అక్కడే ఆగండి. అది 600 ఎకరాలకు మించిన స్థలం, అన్నీ చూడడం ఎటూ కుదరదు. లోపల బ్యాటరీ బండి తీసుకోండి, పెద్దావిడకూ సుఖంగా ఉంటుంది. ఉదయం తెరవగానే వెళ్తే జంతువులు కదులుతూ కనిపిస్తాయి, ఎండెక్కాక అన్నీ నీడలో పడుకుంటాయి.

బడిపంతులు

న్యాయమైన మాట. ఒప్పుకుంటున్నాను.

చిన్నపిల్లల వైద్యురాలు

ఆరోగ్యపరంగా గుర్తుంచుకోవలసినవి మాత్రమే చెబుతాను.

అరకు మన్యం ప్రాంతం. వానాకాలం చివర్లో దోమలు ఎక్కువ, మలేరియా ఉన్న ప్రాంతం. సాయంత్రం నుంచి పిల్లలకు చేతులు, కాళ్లు కప్పే నూలు బట్టలు వేయండి, గదిలో దోమతెర ఉందో లేదో ముందే అడగండి, వయసుకు తగిన దోమల క్రీము మీ పిల్లల డాక్టరు చెప్పినది తీసుకెళ్లండి. తిరిగి వచ్చిన కొన్ని వారాల లోపు జ్వరం వస్తే, మన్యానికి వెళ్లి వచ్చినట్టు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. చాలామంది ఈ ముక్క చెప్పడం మరిచిపోతారు.

ఘాట్ ప్రయాణంలో వాంతుల మందు సొంతంగా వేయవద్దు. మూడేళ్ల పిల్లకు మోతాదు బరువును బట్టి నిర్ణయించాలి, కొన్ని మందులు మత్తు కలిగిస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరం సిరప్, వేడి చూసే థర్మామీటరు ఒక సంచిలో పెట్టి, ఆ సంచిని సామాను పెట్టెలో కాక చేతిలో ఉంచుకోండి. విశాఖలో అక్టోబరు ఎండ అంత తీవ్రంగా లేదనిపిస్తుంది గాని, గాలిలో తేమ వల్ల చెమట ఎక్కువ పోతుంది. పిల్లలు దాహమని అడిగే దాకా ఆగకుండా నీళ్లు ఇస్తూ ఉండండి.

సాగరతీరం

సముద్రం గురించి కూడా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కాబట్టి నేనే చెబుతున్నాను. రామకృష్ణా బీచ్ చూడడానికి అందంగా ఉంటుంది, స్నానానికి మాత్రం పనికిరాదు. ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. మోకాలి లోతులో నిలబడిన పెద్దవాళ్లే పడిపోతుంటారు. అక్కడ పిల్లలను తడి ఇసుక దాకా మాత్రమే వెళ్లనివ్వండి, ఒక పెద్దమనిషి ఒక పిల్లను చేయి వదలకుండా పట్టుకోవాలి. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడే అలవాటు ఎంత మాత్రం మంచిది కాదు. నీళ్లలో ఆడించాలని ఉంటే రుషికొండ వెళ్లండి. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన బీచ్ అది, ప్రాణరక్షకులు ఉంటారు, స్నానం చేయవలసిన హద్దు గుర్తులు ఉంటాయి, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. అక్కడ కూడా చీలమండ లోతు చాలు.

ఆదివారం సాయంత్రం బీచ్‌లో జనం విపరీతం. బయలుదేరేముందు ఆ పూట పిల్లలు వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మీ ఫోన్ నెంబరు చీటీ మీద రాసి పాప జేబులో పెట్టండి, లేదా ముంజేతి మీద పెన్నుతో రాయండి. బాబుకు మాత్రం నెంబరు నోటికి వచ్చేలా నేర్పండి. రైలులో నేర్పడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగవద్దని, ఉన్నచోటే నిలబడమని, లేదా యూనిఫాంలో ఉన్న పోలీసు దగ్గరకు వెళ్లమని చెప్పండి.

మురీ మిక్చరు తినకుండా మాత్రం వెళ్లకండి. పిల్లలకు పచ్చిమిర్చి లేకుండా కలపమంటే కలుపుతారు.

డల్లాస్ పిట్ట

డిసెంబరులో పిల్లలతో శ్రీకాకుళం వస్తున్నాము, ఈ చర్చ చదువుతుంటే మాకూ అరకు వెళ్లాలనిపించింది. డిసెంబరులో అయితే తేడా ఏమిటి? వలిసె పూలు అప్పటికి ఉంటాయా?

కొండదారి

డిసెంబరు మొదట్లో ఇంకా కొన్ని పొలాల్లో ఉండవచ్చు, నెలాఖరుకు అనుమానమే. పసుపు పూలు నిండుగా కనబడాలంటే నవంబరు మంచిది. డిసెంబరులో తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది, పిల్లలకు స్వెట్టర్లు, చెవులు కప్పే టోపీలు తప్పనిసరి. నెలాఖరున గదుల ధరలు పెరిగిపోతాయి, రోడ్డు మీద బండ్లు కదలవు. మాడగడ, వంజంగి కొండల మీద నుంచి మబ్బులు చూపిస్తామని తెల్లవారుజామున పిల్లలను లేపుకుని వెళ్లేవారున్నారు. వంజంగిలో కొండ మీదికి నడవాలి, చీకట్లో చిన్నపిల్లలతో వద్దు. మాడగడ నయం, బండి దాదాపు పైదాకా పోతుంది.

ఓరుగల్లు వారికి: మీరు వచ్చే సమయానికి వలిసె పూత అక్కడక్కడ మొదలై ఉంటుంది. వాటి కోసమని పొలాల్లోకి దిగి ఫోటోలు తీసుకునేటప్పుడు రైతును అడిగి దిగండి.

ఓరుగల్లు నాన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి ఇంట్లో అందరం కూర్చుని మీ సలహాలు చదువుకున్నాము. బస్సు యాత్ర మానుకున్నాము. ఆదివారం విశ్రాంతి, సాయంత్రం జలాంతర్గామి, బీచ్. సోమవారం ఉదయం రైలులో అరకు, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయి లేచాక గిరిజన మ్యూజియం, రాత్రి అక్కడే బస. మంగళవారం ఉదయం పద్మాపురం పాపకు, మధ్యాహ్నం దిగే దారిలో బొర్రా బాబుకు. అమ్మ ముఖద్వారం దాకా వస్తానంది, అంతకు మించి ఒక్క మెట్టు కూడా దిగనని ఇప్పుడే ప్రకటించింది. బుధవారం ఉదయాన్నే జంతుప్రదర్శనశాల, సాయంత్రం రుషికొండ. గురువారం ఉదయం భీమిలి వెళ్లి గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి, మధ్యాహ్నానికి గదికి వచ్చి, సాయంత్రం రైలు. కైలాసగిరి వదిలేశాము, మా ఆవిడకు కొంచెం అసంతృప్తిగానే ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. అక్టోబరు తుపానుల నెల అంటారు. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎంత ధ్వంసం చేసిందో టీవీలో చూసిన గుర్తు ఇంకా ఉంది. వాతావరణం అనుకూలించకపోతే ఏమి చేయాలి? అన్నీ ముందే చెల్లించి ఉంటే ఇరుక్కుపోతామేమోనని భయం.

పట్టాల మనిషి

అల్పపీడనం ఏర్పడినప్పటి నుంచే వాతావరణ శాఖ రోజూ ప్రకటనలు ఇస్తుంది. తుపాను తీరం చేరడానికి రెండు మూడు రోజుల ముందే సంగతి తెలిసిపోతుంది. శుక్రవారం సాయంత్రం వరకు చూసి నిర్ణయం తీసుకోండి. రైలు టిక్కెట్టు రద్దు చేసుకుంటే కొంత సొమ్ము పోతుంది. రైల్వేయే బండిని రద్దు చేస్తే పూర్తి సొమ్ము తిరిగి వస్తుంది. హోటల్ గదిని మాత్రం ముందురోజు వరకు రద్దు చేసుకునే వీలున్నదే చూసి తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా సరే. తుపాను కాకుండా మామూలు ముసురే అయితే ప్రయాణం మానుకోనక్కరలేదు; అయితే భారీ వర్షం పడుతున్న రోజున ఘాట్ ఎక్కవద్దు. సోమవారం అలా జరిగితే అరకును మంగళవారానికి జరిపి, జంతుప్రదర్శనశాల, భీమిలిలో ఏదో ఒకటి వదులుకోండి.

ఇద్దరమ్మాయిల తల్లి

సోమవారం వాన పడి విశాఖలో ఉండిపోతే, మ్యూజియం కూడా మూసి ఉంటుంది కాబట్టి, గదిలో పిల్లలకు ఏదో ఒకటి ఉండాలి. రంగుల పెన్సిళ్లు, తెల్లకాగితాలు, పేక లాంటి బొమ్మల కార్డులు, వైకుంఠపాళి పటం ఒకటి సంచిలో వేసుకోండి. పటం మడిచి పెట్టుకునే కాగితందైతే బరువుండదు. వాన తగ్గిన సాయంత్రం కైలాసగిరి ఎక్కితే మీ ఆవిడగారి కోరిక కూడా తీరుతుంది. గాలి ఎక్కువగా ఉంటే రోప్‌వే ఆపేస్తారు, అప్పుడు ఆటోలో పైదాకా వెళ్లవచ్చు.

ఓరుగల్లు నాన్న

వైకుంఠపాళి ఇంట్లో ఉంది, బాబు ఇప్పుడే తీసి సంచిలో పెట్టేశాడు. మంగళవారం అరకు నుంచి దిగడానికి కారు కావాలి. అరకులోనే మాట్లాడుకోవచ్చా, విశాఖ నుంచి రప్పించాలా?

కొండదారి

అరకు స్టేషన్ దగ్గరే దొరుకుతాయి. విశాఖ నుంచి రప్పిస్తే రానుపోను ఛార్జీ పడుతుంది. సోమవారం మధ్యాహ్నం దిగగానే మాట్లాడుకోండి. బొర్రాలో ఎంతసేపు ఆగాలో, గాలికొండ దగ్గర ఆగాలో వద్దో, విశాఖలో ఏ పేటలో దింపాలో ముందే చెప్పి మొత్తం ఇంత అని తేల్చుకోండి. పెద్దావిడను ముందు సీట్లో కూర్చోబెట్టండి, పిల్లలిద్దరినీ వెనుక కిటికీల దగ్గర కూర్చోబెట్టి తలుపు లాకులు వేశారో లేదో చూసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకల్లా బొర్రా చేరేలా బయలుదేరితే, గుహ తీరిగ్గా చూసినా వెలుతురు ఉండగానే శృంగవరపుకోట దాటేస్తారు.